చిన్న థైరాయిడ్ క్యాన్సర్‌కు సగం తియ్యాలా, మొత్తం తియ్యాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఒక ఆసుపత్రి ఎండోక్రైన్ సర్జరీ ఓపీలో, అంటే థైరాయిడ్ లాంటి గ్రంథుల ఆపరేషన్ల విభాగంలో, నేను సిస్టర్‌ని. సొంతూరు సూళ్లూరుపేట. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చేవాళ్లు డాక్టరు గదిలో అన్నిటికీ తలూపి, బయటికొచ్చాక నా బల్ల దగ్గర ఆగుతారు. "సిస్టర్, మీరు తెలుగేనా?" అసలు ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. ఒకసారి నాయుడుపేట పెద్దాయన ఒకరు భార్యను వెంటబెట్టుకుని, సంచి సర్దుకుని మెట్లదాకా వెళ్లిపోయాడు. డాక్టరుగారు తమిళంలో "పాది పోదుం" అన్నారు, అంటే సగం చాలు అని. ఈయనకి "పోదాం" అని వినబడింది.

అవే సందేహాలు రోజూ వస్తున్నాయి కాబట్టి రాసిపెట్టాను. ఇదంతా పాపిల్లరీ రకం గురించే. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అదే. మీ రిపోర్టులో మెడుల్లరీ అనో, అనాప్లాస్టిక్ అనో ఉంటే దారి వేరు, ఇది మీకు పనికిరాదు. మీ ఒంటి సంగతి మీ డాక్టరుకే బాగా తెలుస్తుంది. ఆయన్ని ఏమడగాలో తెలియడానికే ఇది.

## రిపోర్టు చేతికొచ్చినప్పుడు

సూది పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. ఈ వారమే ఆపరేషన్ చేయించకపోతే పాకిపోతుందా?

పాకదు. చిన్న పాపిల్లరీ గడ్డ పెరిగేది ఏళ్ల లెక్కన. మూడు నాలుగు వారాలు ఆగి, మెడ స్కాన్ సరిగ్గా చేయించుకుని, ఇంకో డాక్టరు మాట కూడా విని వచ్చినా నష్టం లేదు. ఫిన్లాండ్‌లో 1985లో, వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్లను పల్చటి ముక్కలుగా కోసి చూస్తే మూడో వంతు మందికి పైగా ఈ రకం గడ్డలు బయటపడ్డాయి. బతికున్నన్నాళ్లూ వాళ్లకి ఆ సంగతే తెలియదు.

గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయినా, గడ్డ వారాల్లోనే ఉబ్బుతున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా మాత్రం ఆగొద్దు, ఆ రోజే వచ్చేయండి.

"లో రిస్క్" అన్నారు. క్యాన్సర్‌లో లో రిస్కేంది సిస్టర్?

గడ్డ 4 సెంటీమీటర్ల లోపు ఉండాలి. థైరాయిడ్ గోడ దాటి కండలోకో, శ్వాసనాళంలోకో పోకూడదు. మెడ నోడ్స్‌లో, అంటే లింఫ్ గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో కనిపించకూడదు. సూది పరీక్షలో మొండి రకం కణాలు ఉండకూడదు. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చిన చరిత్ర కూడా ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే లో రిస్క్. అందులోనూ 1 సెంటీమీటరు లోపు వాటిని మైక్రో కార్సినోమా అంటారు.

ఈ గుంపులో ఉన్నవాళ్లు ఈ జబ్బుతో చనిపోవడం చాలా అరుదు, నూటికి ఒకరు కూడా కష్టమే. అందుకే ఇక్కడ ప్రాణం దక్కుతుందా లేదా అన్నది కాదు మాట్లాడేది. ఎంత కోస్తే చాలు, ఆ కోతకి ఎంత మూల్యం కడతాం అన్నదే.

8 మిల్లీమీటర్లే, కొయ్యకుండా చూద్దాం అంటున్నారు. మా దగ్గర డబ్బుల్లేవనా?

అదేం కాదమ్మా. ఈ పద్ధతిని జపాన్‌లో కోబె నగరంలోని కుమా ఆసుపత్రి 1993లో మొదలుపెట్టింది. 1,235 మందిని కొయ్యకుండా గమనిస్తూ వచ్చి 2014లో లెక్క చెప్పారు. పదేళ్లలో గడ్డ 3 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పెరిగింది నూటికి 8 మందికి. కొత్తగా నోడ్ కనిపించింది నూటికి నలుగురికి లోపే. పెరిగినవాళ్లకి అప్పుడు ఆపరేషన్ చేశారు, ఈ జబ్బుతో ఎవరూ చనిపోలేదు. అరవై దాటినవాళ్లలో పెరగడం తక్కువ, నలభై లోపువాళ్లలో ఎక్కువ.

అందరికీ ఇది కుదరదు. గడ్డ శ్వాసనాళానికి ఆనుకుని ఉన్నా, మాట నరం నడిచే దారిలో ఉన్నా, నోడ్ అనుమానంగా ఉన్నా ఆగకూడదు. ఆగేవాళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి స్కాన్‌కి రావాలి, రాకుండా ఉండకూడదు. నా అభిప్రాయం అడిగితే, స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్రపట్టని మనిషికి ఈ దారి శిక్షే. అలాంటివాళ్లు సగం తీయించుకుని హాయిగా ఉంటే తప్పేమీ లేదు.

మా వీధిలోనే ముగ్గురికి థైరాయిడ్ క్యాన్సరట. నీళ్ల వల్లా, ఉప్పు వల్లా?

ఎక్కువగా స్కాన్ల వల్ల. జబ్బు పుట్టించడం కాదు, ఉన్నదాన్ని చూపించడం. దక్షిణ కొరియాలో హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మెడ స్కాన్ కూడా చేర్చారు. 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావుల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. 2014లో అక్కడి డాక్టర్లే ఇది అనవసరమని గొంతెత్తాక స్కాన్లూ తగ్గాయి, ఆపరేషన్లూ తగ్గాయి. అయోడిన్ ఉప్పు మానెయ్యకండి. మెడలో గడ్డేమీ లేని మీ వదినకి, తోడికోడలికి "ఎందుకైనా మంచిది" అని స్కాన్ చేయించకండి.

బెథెస్డా 4 అని రాశారు. క్యాన్సరా కాదా?

సూది పరీక్ష ఫలితాల్లో అదొక మెట్టు, సూదితో తేలని రకం. ఫాలిక్యులర్ గడ్డల్లో కణాలు మామూలుగానే కనిపిస్తాయి, గడ్డ తన చుట్టూ ఉన్న పొర చీల్చుకుని బయటికి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి క్యాన్సరో కాదో చెబుతారు. పొర చూడాలంటే గడ్డ మొత్తం బల్ల మీద ఉండాలి. అందుకని మామూలుగా గడ్డ ఉన్న సగం తీసి పరీక్షకి పంపుతారు. తేలకముందే మొత్తం తీసేద్దామంటే, ఎందుకని గట్టిగా అడగండి.

ఆపరేషన్‌కి ముందు ఏ పరీక్షలు నిజంగా అవసరం?

మెడ రెండు పక్కలా నోడ్స్‌ని వెతికి చూసే అల్ట్రాసౌండ్ అన్నిటికంటే ముఖ్యం. చాలామంది తెచ్చే రిపోర్టులో గడ్డ కొలత ఉంటుంది, నోడ్స్ గురించి ఒక్క ముక్క ఉండదు. సగమా మొత్తమా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి మళ్లీ చేయిస్తాం. విసుక్కోకండి. స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో గొంతులోకి సన్న గొట్టంతో చూస్తారు. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పేది), కాల్షియం చూస్తారు. చిన్న గడ్డకి పెట్ స్కాన్ అక్కర్లేదు. ఎవరైనా సొంతంగా చేయించుకొస్తే ఆ ఖర్చు చూసి నాకే బాధేస్తుంది.

## సగమా, మొత్తమా

చిన్నదే గానీ క్యాన్సరే కదా. మొత్తం తీసేస్తే పీడా పోద్ది కదా సిస్టర్?

ఓపీలో ఈ ప్రశ్న వినని రోజు లేదు. దీనికి మాత్రం కాస్త తీరిగ్గానే చెబుతాను.

మా పిన్నికి 2009లో 9 మిల్లీమీటర్ల గడ్డ, ఒక్క పక్కే. రెండో పక్క శుభ్రంగా ఉంది, నోడ్స్ లేవు. ఒక ఆసుపత్రిలో మొత్తం తీసేశారు. సగం తీసే పద్ధతి ఒకటుందని ఆమెకి గానీ మా బాబాయికి గానీ ఎవరూ చెప్పలేదు. నేనప్పుడు నర్సింగ్ చదువుతున్నాను. మూడో రోజు బీపీ చూద్దామని పట్టీ బిగించాను. రెండు నిమిషాల్లో పిన్ని చెయ్యి మణికట్టు దగ్గర వంగి, వేళ్లు కొంగ ముక్కులా దగ్గరికి ముడుచుకుపోయాయి. పుస్తకంలో బొమ్మ చూశాను గానీ మనిషిలో చూడటం అదే మొదలు. కాల్షియం పడిపోయిందన్న గుర్తు అది.

థైరాయిడ్ వెనకాల పారాథైరాయిడ్ గ్రంథులని నాలుగుంటాయి, ఒక్కోటి బియ్యపు గింజంత. ఒంట్లో కాల్షియం చూసుకునేవి అవే. కొవ్వులో కలిసిపోయి ఉంటాయి, కనిపెట్టడమే కష్టం. మొత్తం తీసేటప్పుడు నాలుగూ కత్తి దారిలో ఉంటాయి. చెయ్యి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా నూటికి ఒకరిద్దరికో ముగ్గురికో అవి శాశ్వతంగా పనిచెయ్యడం మానేస్తాయి. సగం తీస్తే రెండో పక్క రెండూ అలాగే ఉంటాయి కాబట్టి ఈ బాధ దాదాపు ఉండదు. మాట నరాలూ అంతే, పక్కకొకటి. ఒకటి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. రెండూ దెబ్బతింటే ఊపిరికే ఇబ్బంది, మెడలో గొట్టం పెట్టాల్సి రావొచ్చు. సగం ఆపరేషన్‌లో రెండో నరం జోలికే పోరు.

ఇక లాభం సంగతి. 1 నుంచి 4 సెంటీమీటర్ల గడ్డలున్న 61,775 మంది అమెరికా రోగుల లెక్కలు 2014లో వచ్చాయి. మిగతా తేడాలన్నీ సరిచేసి చూస్తే మొత్తం తీయించుకున్నవాళ్లు సగం తీయించుకున్నవాళ్లకంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు.

పిన్ని తమలపాకుల డబ్బాలో ఇప్పుడు వక్కలుండవు, కాల్షియం మాత్రలుంటాయి. పెళ్లిళ్లకి వెళ్లినా డబ్బా చంకలోనే. క్యాన్సర్ మళ్లీ రాలేదు. సగం తీసినా వచ్చేది కాదేమో. పీడా పోయిందా అంటే, ఒకటి పోయి ఇంకోటి ఉండిపోయింది.

ఒక డాక్టరు టోటల్, అంటే మొత్తం అన్నారు, ఇంకొకరు హెమీ, అంటే సగం చాలన్నారు. ఇద్దర్లో ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాకపోవచ్చు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2009 సూచనల్లో 1 సెంటీమీటరు దాటితే మొత్తం తియ్యాలని ఉంది. 2015లో అదే సంఘం మాట మార్చింది. 1 సెంటీమీటరు లోపు అయితే సగం చాలు, 1 నుంచి 4 మధ్య లో రిస్క్ అయితే సగమూ సరే, మొత్తమూ సరే అంది. పాత రోజుల్లో నేర్చుకున్న డాక్టరు చెయ్యి పాత దారినే పోతుంది, అది సహజం.

1 నుంచి 2 సెంటీమీటర్ల మధ్య ఒక్క పక్కే ఉంటే సగం వైపే ఎక్కువమంది మొగ్గుతున్నారు. 3, 4 దగ్గరికి వచ్చేసరికి నిజంగానే రెండు వైపులా వాదన ఉంది. అక్కడ మీ వయసు, రెండో పక్క ఎలా ఉంది, ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అన్నవి తూకం వేస్తాయి. ఇద్దర్నీ ఒకటే అడగండి: "నా కేసులో మీరు అలా అనడానికి కారణమైన ఒక్క విషయం చెప్పండి." జవాబులో మీ రిపోర్టు ప్రస్తావన ఉంటే మంచి డాక్టరు. "మేం అందరికీ ఇలాగే చేస్తాం" అంటే ఇంకోసారి ఆలోచించుకోండి.

అయితే మొత్తం తియ్యాల్సింది ఎవరికి?

గడ్డ 4 సెంటీమీటర్లు దాటినా, గోడ చీల్చుకుని బయటికొచ్చినా, నోడ్స్‌లో ఉన్నట్టు ఆపరేషన్‌కి ముందే తేలినా, ఊపిరితిత్తులకో ఎముకలకో పోయినా మొత్తం తియ్యాలి. రెండు పక్కలా క్యాన్సర్ ఉన్నా అంతే. తర్వాత రేడియో అయోడిన్, అంటే మిగిలిన థైరాయిడ్ కణాల్ని చంపే మందు, ఇవ్వాల్సి ఉంటుందని ముందే తెలిస్తే థైరాయిడ్ ఏమీ మిగలకూడదు. ఇలాంటివాళ్లు "సగం చాలని విన్నాను" అని డాక్టరుతో పోట్లాడకండి, ఆ మాట మీకోసం చెప్పింది కాదు.

మిగిలిన సగంలో మళ్లీ వస్తే?

రావొచ్చు. సరిగ్గా ఎంచుకున్నవాళ్లలో నూటికి కొద్దిమందికే. వచ్చినా స్కాన్‌లో చిన్నగా ఉండగానే దొరుకుతుంది, అప్పుడు ఆ పక్క తీస్తారు. ఆలస్యమైందని ఆయుష్షు తగ్గదు. రెండో ఆపరేషన్‌లో తాకని పక్కనే కోస్తారు కాబట్టి పాత మచ్చల గొడవ కూడా తక్కువ. కాకపోతే ఇంకోసారి మత్తు, ఇంకోసారి సెలవు, ఇంకోసారి ఖర్చు. ఈ అవకాశాన్ని ఒప్పుకునే సగానికి సంతకం పెట్టాలి.

మెడ మీద మచ్చ లేకుండా నోట్లోంచి చేస్తారట కదా?

చేస్తున్నారు, కింది పెదవి లోపలి నుంచి కెమెరాతో. గడ్డ చిన్నదై, ఆ సర్జన్ అలాంటివి చాలా చేసి ఉంటేనే. పెళ్లి కావాల్సిన పిల్లలు అడుగుతారు, తప్పు లేదు. మామూలు కోత మచ్చ మెడ ముడతలో కలిసిపోయి ఏడాదికి సన్న గీతగా మిగులుతుంది. మొదటి కొన్ని నెలలు ఎండ తగలనివ్వకండి.

మంచి సర్జన్ అని ఎట్టా తెలుసుకునేది?

"ఏడాదికి ఎన్ని థైరాయిడ్లు చేస్తారు?" అని అడగండి. మొహమాటపడొద్దు. ఏడాదికి పాతిక దాటి చేసేవాళ్ల దగ్గర ఇబ్బందులు తక్కువని అమెరికా లెక్కల్లో తేలింది. ఆసుపత్రి అద్దాల మేడ అయితే సర్జన్ చెయ్యి మంచిదని కాదు.

## ఆసుపత్రిలో

సగం అని సంతకం పెడితే, లోపల చూసి మొత్తం తీసేస్తారా?

తీయొచ్చు, మీరు ముందే ఒప్పుకుంటే. కోశాక గడ్డ కండకి అతుక్కుని కనిపించినా, నోడ్ గట్టిగా తగిలినా ప్లాన్ మారుతుంది. ఒప్పంద కాగితం మీద ఈ మాట ఉందో లేదో చూసుకోండి. కాగితం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటే చదివి తెలుగులో చెప్పమనండి, అది మీ హక్కు. అలాగే మాట నరం మొదటి పక్కే దెబ్బతిన్నట్టు అనిపిస్తే రెండో పక్క ముట్టకుండా ఆపేసే సర్జన్లున్నారు. అది భయం కాదు, తెలివి.

ఎన్ని రోజులుండాలి? మాట పోతుందా?

సగం అయితే ఒకటి రెండు రోజులు. మొత్తం అయితే కాల్షియం చూడాలి కాబట్టి ఇంకో రోజో రెండ్రోజులో. మత్తు గొట్టం వల్ల రెండు మూడు రోజులు గొంతు గరగరలాడుతుంది, అది చూసి ఏడవకండి. వారం దాటినా బొంగురు తగ్గకపోతే, నీళ్లు తాగుతుంటే పొలమారుతుంటే చెప్పండి. నరం తెగకుండా నలిగిందంతే అయితే చాలామందికి కొన్ని నెలల్లో గొంతు తిరిగొస్తుంది.

మొదటి రాత్రి మెడ ఉబ్బి, ఊపిరాడనట్టు బిగుసుకుంటే మాత్రం బెల్లు కొట్టి ఊరుకోకండి, మీకు తోడున్నవాళ్లు మా దగ్గరికి పరిగెత్తుకుని రావాలి. లోపల రక్తం చేరితే నిమిషాలే లెక్క.

పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. గ్యాసా?

మొత్తం తీయించుకున్నాక అలా ఉంటే కాల్షియం తగ్గింది. చెవి ముందు బుగ్గ మీద నేను వేలితో తట్టి చూస్తాను, పెదవి మూల అదిరితే ఇంకాస్త అనుమానం. రక్తపరీక్ష చేసి మాత్రో, నరానికి ఇంజెక్షనో ఇస్తారు. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. డిశ్చార్జ్ అయి రైల్లో ఉండగా వస్తే నెల్లూరు దాకా ఓపిక పట్టకండి, దగ్గర్లో దిగి ఆసుపత్రికి వెళ్లండి.

## ఇంటికెళ్లాక

ఆపరేషన్‌లో తీసినదాని బయాప్సీలో, నోడ్‌లో ఒక చుక్క ఉందట. మళ్లీ కొయ్యాలా?

నోడ్‌లో సూక్ష్మంగా, 2 మిల్లీమీటర్లలోపు కనిపిస్తే చాలాసార్లు అక్కర్లేదు. రక్తనాళాల్లోకి ఎక్కువగా చొరబడినా, టాల్ సెల్ లాంటి మొండి రకం అని రాసినా, చాలా నోడ్స్‌లో ఉన్నా మిగిలిన సగం తియ్యడం గురించి మాట్లాడతారు. ఇంకో తమాషా కూడా ఉంది. పొర దాటని ఒక రకం గడ్డకి 2016లో క్యాన్సర్ అనే పేరే తీసేసి ఎన్ఐఎఫ్‌టీపీ అని పెట్టారు. ఆ నాలుగక్షరాలు... కాదు, ఐదు, మీ రిపోర్టులో ఉంటే కొబ్బరికాయ కొట్టుకోండి.

రేడియో అయోడిన్ ఇస్తేనే పూర్తిగా నయమైనట్టా?

లో రిస్క్‌కి అవసరం లేదనే ఇప్పటి మాట. ఫ్రాన్స్‌లో మొత్తం తీయించుకున్న 776 మంది లో రిస్క్ రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి అయోడిన్ ఇచ్చారు, రెండో గుంపుని ఊరికే గమనించారు. 2022లో ఫలితం చెప్పారు. మూడేళ్లకి ఏ ఇబ్బందీ లేనివాళ్లు అయోడిన్ గుంపులో నూటికి 95.9, ఇవ్వని గుంపులో 95.6. సగమే తీయించుకున్నవాళ్లకి అసలు ఇవ్వరు, మిగిలిన మంచి థైరాయిడే దాన్ని తాగేస్తుంది.

సగం ఉందిగా, మరి మాత్ర ఎందుకు రాశారు?

నలుగురైదుగురిలో ఒకరికి మిగిలిన సగం సరిపోదు. ముందే టీఎస్‌హెచ్ ఎక్కువవైపు ఉన్నవాళ్లకి, థైరాయిడ్‌ని దెబ్బతీసే యాంటీబాడీలు ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఆరు వారాలకి రక్తపరీక్షలో తేలుతుంది. మిగతావాళ్లకి మాత్రే అక్కర్లేదు. 2015 సూచనల్లో టీఎస్‌హెచ్ 0.5 నుంచి 2 మధ్య ఉంచమన్నారు, ఇప్పుడు సగం తీసినవాళ్లకి మామూలు పరిధిలో ఉంటే చాలనే డాక్టర్లు ఎక్కువవుతున్నారు. మొత్తం తీస్తే మాత్రం జీవితాంతం తప్పదు.

మాత్ర పరగడుపున మంచినీళ్లతో. కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు నాలుగు గంటలు ఎడం పెట్టాలి. కాఫీతోనే మాత్ర మింగి, డోసు చాలట్లేదని వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా తగులుతారు.

థైరోగ్లోబ్యులిన్ 12 వచ్చింది. మళ్లీ వచ్చినట్టేనా?

థైరోగ్లోబ్యులిన్ అంటే థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్. సగం తీయించుకున్నవాళ్లలో ఆ అంకెకి పెద్ద అర్థం లేదు. మిగిలిన మంచి సగం కూడా దాన్ని తయారుచేస్తుంది. మొత్తం తీసినవాళ్లకే అది గట్టి గుర్తు. ల్యాబు కాగితం మీద ఎర్ర అక్షరాలు చూసి రాత్రి పదకొండుకి ఫోన్ చెయ్యకండి. మెడ స్కాన్ చూస్తే చాలు.

అమ్మాయికి పెళ్లి కుదిరింది. పిల్లలు పుడతారా? వాళ్లతో చెప్పాలా?

పుడతారు. ఆపరేషన్ వల్ల అడ్డమేమీ లేదు. గర్భం నిలిచాక మాత్ర డోసు పెంచాల్సి రావొచ్చు, తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. రేడియో అయోడిన్ తీసుకుని ఉంటే కనీసం ఆరు నెలలు ఆగాలి. చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. నన్నడిగితే, మెడ మీద గీత ఉన్నప్పుడు దాచడమే కష్టం.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్యాలా?

వద్దు. తినండి.

ఇంకెన్నేళ్లు చెన్నైకి తిరగాలి?

మొదటి స్కాన్ ఆరు నెలల నుంచి ఏడాది మధ్య. బాగుంటే ఏడాదికోసారి, ఆ తర్వాత ఎడం పెంచుతారు. స్కాన్ నెల్లూరులోనో తిరుపతిలోనో చేయించుకోవచ్చు, కానీ ప్రతిసారీ ఒకే చోట చేయించుకుంటే కొలతలు పోల్చడానికి బాగుంటుంది. చేసే ఆయనకి పాత రిపోర్టు ముందే చూపించండి. ఇంకో మాట, బయాప్సీ రిపోర్టు పోకుండా లామినేషన్ చేయించి తెస్తున్నారు కొందరు. చెయ్యించొద్దు, డాక్టరుగారికి దాని మీద పెన్నుతో రాసుకునే అలవాటు.